యాంటెన్నా చిన్నదైతే చాలా?

ఏ కాలేజీలోనైనా ఈసీఈ వాళ్ల ప్రాజెక్టుల లిస్టు చూడండి. మెటామెటీరియల్‌తో మైక్రోస్ట్రిప్ యాంటెన్నా సైజు తగ్గించాం అనే టైటిల్ ఒకటైనా తగులుతుంది. ఎంత శాతం తగ్గిందో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అందుకోసం ఏం పోగొట్టుకున్నారో చాలాసార్లు ఎక్కడా ఉండదు. నేను సీఎస్‌ఈ. అయినా ఒక మాట చెప్తాను: ఆ రెండూ ఒకే చోట రాయాలి.

మైక్రోస్ట్రిప్ అంటే పైన రాగి ముక్క, కింద రాగి పొర, మధ్యలో సబ్‌స్ట్రేట్. పై ముక్క పొడవు తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం ఉండాలి. జీపీఎస్ వాడే 1575.42 మెగాహెర్ట్జ్‌కి గాలిలో అయితే అది 9.5 సెంటీమీటర్లు. మామూలు ఎఫ్‌ఆర్-4 బోర్డు మీద సుమారు 4.5. ఇంకా తగ్గాలంటే సబ్‌స్ట్రేట్ లోపల తరంగం ఇంకా నెమ్మదించాలి.

మెటామెటీరియల్ చేసేది అదే. మన ఉప్పాడ జాందానీ గుర్తు తెచ్చుకోండి. బుటా అందం దారంలో లేదు, నేతలో ఉంది. అలాగే తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్నవైన, తెగిన రాగి రింగుల్ని వరసగా ముద్రిస్తే, రాగికి లేని అయస్కాంత గుణం ఆ అల్లికకి వస్తుంది. 1999లో పెండ్రీ ఈ రింగుల సంగతి వివరించాడు. అంతకు నూరేళ్ల ముందే, 1898లో, జగదీశ్ చంద్రబోస్ మెలిపెట్టిన జనపనారతో మైక్రోవేవ్‌ల ధ్రువణ దిశని తిప్పి చూపించాడు.

కానీ ఏదీ ఊరికే రాదు కదండీ. ఆ రింగులు ఒక ఫ్రీక్వెన్సీ దగ్గరే బాగా స్పందిస్తాయి, అక్కడే శక్తి వేడిగా పోతుంది. యాంటెన్నా చిన్నదయ్యే కొద్దీ బ్యాండ్‌విడ్త్‌కి హద్దు ఉంటుందని 1948లోనే చూ లెక్కగట్టాడు. ఎవరిదైనా చిన్న యాంటెన్నాకి బ్యాండ్‌విడ్త్ ఎక్కువ కనిపిస్తే, ముందు నష్టం ఎంతో అడగండి. నష్టం పెరిగినా గ్రాఫ్ వెడల్పవుతుంది!

ఇది మార్కుల గొడవ మాత్రమే కాదు. ఉప్పాడలో మగ్గాలే కాదు, వేట పడవలూ ఉన్నాయి. సెల్ సిగ్నల్ అందని సముద్రంలోకి తుఫాను హెచ్చరికలు పంపడానికి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి 2019లో జెమిని అనే పరికరం తెచ్చాయి. అది గగన్ ఉపగ్రహాల సిగ్నల్ అందుకుని ఫోన్‌కి పంపుతుంది. ఆ సిగ్నలూ 1575.42 మీదే. అలాంటి పెట్టెలో మన చిన్న యాంటెన్నా పెట్టామనుకోండి. పైన ఉప్పునీటి పొర పడితే దాని ఫ్రీక్వెన్సీ పక్కకి జరుగుతుంది. బ్యాండ్ సన్నగా ఉంటే హెచ్చరిక అందదు. 1996 నవంబర్ 6 నాటి తుఫాను గురించి కోనసీమలో ఎవర్ని అడిగినా, అందని హెచ్చరిక అంటే ఏంటో చెప్తారు.

మా కోడింగ్‌లో ఒక సంగతుంది. ఆప్టిమైజర్‌కి సైజు ఒక్కటే తగ్గించమని చెప్తే అదే తగ్గిస్తుంది, మిగతాది గాలికొదిలేస్తుంది. ప్రాజెక్టు రివ్యూ కూడా ఆప్టిమైజర్ లాంటిదే. అడిగిందే వస్తుంది.

అందుకే రివ్యూలో సైజు, బ్యాండ్‌విడ్త్, ఎఫిషియెన్సీ మూడూ పక్కపక్కన అడగాలి. బజార్లో దొరికే 2.5 సెంటీమీటర్ల సిరామిక్ ప్యాచ్‌తో పోల్చమనాలి. చివరగా, మగ్గుడు ఉప్పునీళ్లు పోసి మళ్లీ కొలవమనాలి.