బిడ్డ పక్షాన ఒక గొంతు

తల్లిదండ్రుల దగ్గర హింసకో నిర్లక్ష్యానికో గురైన బిడ్డ కేసు కోర్టుకు వచ్చింది. తల్లిదండ్రులకు వకీలు ఉన్నాడు, ప్రభుత్వ శాఖకు వకీలు ఉన్నాడు. కానీ ఆ బిడ్డకు ఏది మేలో చెప్పేదెవరు? 1977లో అమెరికాలోని సియాటిల్‌లో జడ్జి డేవిడ్ సూకప్‌ను ఈ ప్రశ్నే నిద్రపోనివ్వలేదు. తన ముందున్న కాగితాలు చాలవని ఆయన సామాన్య పౌరుల సాయం కోరారు. అలా మొదలైన ‘కాసా’ సేవ నేడు అమెరికాలో చాలా రాష్ట్రాలకు విస్తరించింది.

కాసా వాలంటీరు వకీలు కానక్కర్లేదు. సుమారు 30 గంటల శిక్షణ తరువాత జడ్జి ఒకటి రెండు కేసులు అప్పగిస్తారు. బిడ్డను తరచుగా కలవాలి, టీచరుతో, బంధువులతో, సాంఘిక కార్యకర్తతో మాట్లాడాలి, చూసినది చూసినట్టు రాసి కోర్టుకివ్వాలి. అధికారులు మారవచ్చు, ఇళ్లు మారవచ్చు. కేసు ముగిసేవరకు ఆ బిడ్డకు మారని మనిషి ఒకరుండాలన్నదే ఈ సేవ ఉద్దేశం. అమెరికాలోని మన తెలుగు సంఘాల విశ్వాసులకూ ఈ తలుపు తెరిచే ఉంది.

మరి మన దగ్గర? అచ్చంగా ఇటువంటి ఏర్పాటు లేదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం రక్షణ అవసరమైన బిడ్డను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. లైంగిక హింసకు గురైన పిల్లలకు 2020 పోక్సో నిబంధనలు ‘సహాయక వ్యక్తి’ని ఇస్తున్నాయి. దర్యాప్తులో, విచారణలో బిడ్డకు తోడుండి, కేసు ఎక్కడిదాకా వచ్చిందో కుటుంబానికి చెప్పడం ఆ వ్యక్తి పని. ఈ తోడు కాగితానికే పరిమితం కాకూడదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. బాలల హక్కుల రంగంలో పనిచేసేవారు ఈ బాధ్యతకు అర్హులు. ఆసక్తి గలవారు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో విచారించవచ్చు.

ఇక్కడ మనల్ని మనం పరీక్షించుకోవాలి. క్రిస్మస్‌కు అనాథాశ్రమంలో బట్టలు పంచి ఫోటో దిగడం మనకు అలవాటే. అది మంచిదే, కానీ ఒక్క పూట పని. సంస్థలో ఉంచడం చివరి మార్గమనీ, సాధ్యమైతే బిడ్డ కుటుంబంలోనే పెరగాలనీ చట్టం చెబుతోంది. కాబట్టి తల్లిదండ్రులను దోషులుగా ముందే తీర్పు తీర్చేవారు ఈ సేవకు తగరు. ఇది సువార్త ప్రకటించే వేదిక కూడా కాదు. బిడ్డ పేరు, ఊరు, ఫోటో ప్రార్థన మనవిగానైనా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. కేసులో ఉన్న బిడ్డ ఆనవాళ్లను మీడియాలో వెల్లడించడం చట్టరీత్యా నేరం. ప్రభువుకు ఆ బిడ్డ పేరు తెలుసు, గ్రూపుకు తెలియనక్కర్లేదు.

నోరులేనివారి పక్షాన మాట్లాడమని సామెతల గ్రంథం మనకు నేర్పింది. మాట్లాడాలంటే ముందు ఆ బిడ్డ చెప్పేది వినాలి. వాయిదా తరువాత వాయిదా పడినా విసుగుచెందక కోర్టు వరండాలో పక్కన కూర్చోవాలి. ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురు ఈ శిక్షణకు ముందుకు రావాలని, కాపరులు వారిని ప్రోత్సహించాలని మేము కోరుతున్నాము. ఆపదలో ఉన్న బిడ్డ మీ కంటపడితే 1098కి ఫోన్ చేయడం ఈరోజే చేయగల పని.