సలహాలు చాలు, గదులు చూపించండి

ఇంటికే పరిమితమైనప్పుడు కుటుంబ ఆరోగ్యాన్ని ఎలా కాపాడుకోవాలన్న వ్యాసాలు కరోనా పోయినా ఆగలేదు. జ్వరం వచ్చిన మనిషిని విడిగా ఉంచాలి, పిల్లల చదువుకు గొడవ లేని చోటు చూడాలి, ఎవరికి వారు రోజూ కాసేపు ఏకాంతంగా గడపాలి. వినడానికి అన్నీ మంచి మాటలే. హైదరాబాద్ పాతబస్తీలో, తలాబ్‌కట్టలోనో యాకుత్‌పురాలోనో ఉండే కుటుంబం వాటిని ఏ గదిలో పాటించాలో మాత్రం ఎవరూ చెప్పరు. గడప దాటడానికి వీల్లేని రోజుల్లో కుటుంబం క్షేమం ఇంటివాళ్ల ఓర్పు కన్నా ఇంటి గదుల మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ప్రభుత్వాలు చేయాల్సిన పనిని ఇల్లాలి నేర్పరితనం మీదికి నెట్టడం ఇకనైనా ఆపాలి.

2011 జనగణన ప్రకారం దేశంలో నూటికి 37 కుటుంబాలు ఒకే గదిలో కాపురం ఉంటున్నాయి. మరో నాలుగు కుటుంబాలకు తమదంటూ ఆ ఒక్క గదీ లేదు. ఈ 37ను పక్కనబెట్టి 2020లో హోమ్ ఐసొలేషన్ నిబంధనలు రాశారు. రోగికి వేరే గది ఉండాలి, దానికి గాలి ఆడాలి, వీలైతే మరుగుదొడ్డి కూడా వేరుగా ఉండాలి. వైద్యపరంగా అందులో తప్పు లేదు. అందరూ ఆసుపత్రికి వస్తే పడకలు చాలేవీ కావు. కానీ నూటికి 37 ఇళ్లలో ఆ నిబంధన మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం ఆహారభద్రత కార్డు ఉన్నవారికి మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. ఆకలికి అది ఆసరా. చోటు సంగతి ఎవరూ ఎత్తలేదు.

పాతబస్తీలో ఒకే గది ఉన్న ఇల్లు చాలాసార్లు కార్ఖానా కూడా. గాజుల కోసం లక్కను కరిగించే బొగ్గుల కుంపటి, జర్దోసీ మగ్గం, గ్యాస్ పొయ్యి, పిల్లల పుస్తకాలు అన్నీ నాలుగు గోడల మధ్యే. ఇన్నాళ్లూ ఆ ఇరుకును వీధి మోసింది. ఇంటి ముందు చబుత్రా, అంటే అరుగే, మగవాళ్లకు రెండో గది. కరోనాకు కొన్నేళ్ల ముందే పోలీసులు 'ఆపరేషన్ చబుత్రా' పేరుతో రాత్రిళ్లు ఆ అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను పట్టుకెళ్లి, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చారు. ఇంట్లో కాళ్లు చాపుకునే చోటుంటే అర్ధరాత్రి అరుగెక్కుతారా అని అడిగినవాళ్లు తక్కువ.

లాక్‌డౌన్‌లో అరుగు పోయింది, ఇరానీ హోటల్ పోయింది, మసీదులో నమాజూ ఆగింది. 2020 ఏప్రిల్ 25న మొదలైన రంజాన్ నెలంతా తెల్లవారుజాము సెహ్రీ వంట, రాత్రి తరావీ నమాజు, పసివాళ్ల నిద్ర, ముసలివాళ్ల దగ్గు ఆ ఒక్క గదిలోనే. ఆడవాళ్లకు హింస ఎదురైతే 181 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయమన్నారు. కొట్టే మనిషి నాలుగడుగుల దూరంలో కూర్చుంటే ఆ ఫోన్ ఎక్కడికెళ్లి చేయాలి? అదే ఏడాది అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ ఇళ్లు మునిగాయి. భద్రమైన చోటని జనాన్ని ఉంచింది ఆ ఇళ్లలోనే.

ఈ నగరానికి ఇది కొత్త పాఠమేమీ కాదు. 1908 మూసీ వరద, 1911 ప్లేగు చూశాక 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేసింది. ఇరుకు బస్తీలను తొలగించి దారులు వెడల్పు చేసింది, పేదలకు ఇళ్లు కట్టింది. తొలగింపు బాధ లేకుండా జరిగిందని నేననను. కానీ జబ్బుకు మూలం ఇరుకేనని గుర్తించి, ఇంటినే మార్చడానికి పూనుకుంది. 1912లో తట్టిన ఆ ఆలోచన 2020లో మనకెందుకు తట్టలేదు?

ఆ తర్వాతైనా తట్టిందా? నగర శివారు కొల్లూరులో 15,660 డబుల్ బెడ్రూం ఇళ్లను 2023లో ప్రారంభించారు. లాడ్‌బజార్ చుట్టూ సరుకు, బేరం, కూలి ఉన్న గాజుల కార్మికుడు ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి వెళ్లి ఏం తింటాడు? ఇందిరమ్మ ఇళ్ల పథకం తొలి విడతలో 5 లక్షల సాయం సొంత జాగా ఉన్నవాళ్లకే. ఒక్క గదికి అద్దె కట్టుకునేవాడికి జాగా ఎక్కడిది? హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ గాజులు తయారయ్యే గది ఎంత ఉందో కొలిచినవాళ్లు లేరు.

ఇళ్లు కట్టడానికి ఏళ్లు పడుతుందంటారు, నిజమే. ఫంక్షన్ హాళ్లకేం? చాంద్రాయణగుట్ట, బండ్లగూడ రోడ్ల పొడవునా ఉన్నవి లాక్‌డౌన్‌లో మూతపడే ఉన్నాయి. వార్డుకు కొన్నింటిని ఇప్పుడే ఎంపిక చేసి, మంచాలు, మరుగుదొడ్లు, నర్సులు, ఆడవాళ్లకు వేరే భాగం ఏర్పాటు చేసుకుంటే, రోగి ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే విడిగా ఉండగలడు. అద్దె ప్రభుత్వం కట్టాలి.

2021 జనగణన కరోనా కారణంగానే వాయిదా పడింది కాబట్టి 37 అన్నది పాత లెక్క. 2027 జనగణనకు ముందు జరిగే ఇళ్ల గణనలో గదుల సంఖ్య తేలుతుంది. పాతబస్తీలో ఏ వార్డులో ఎన్ని ఒంటిగది ఇళ్లున్నాయో ప్రకటించాల్సిందే. ఆ అంకె చేతిలో లేకుండా విపత్తు ప్రణాళికలో 'ఇంట్లోనే ఉండాలి' అన్న ఒక్క వాక్యం రాసే హక్కు కూడా ఏ అధికారికీ లేదు. రాశారంటే, నూటికి 37 కుటుంబాలను తెలిసే వదిలేశామని సంతకం పెట్టినట్టే.