ముందు మడుగు, తర్వాతే మంద

2018లో హర్యానాలోని కర్నాల్ నుంచి నయా రాయపూర్ జంగిల్ సఫారీకి ఒక బర్రెను తెచ్చారు. పేరు దీపాశ. ఉదంతి అడవిలో మిగిలిన ఒకే ఒక్క ఆడ అడవిబర్రె 'ఆశ' కణాలతో 2014 డిసెంబరులో జాతీయ పాడి పరిశోధన సంస్థ పుట్టించిన క్లోన్ అది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువు వంశం నిలిచిందని అప్పట్లో సంబరపడ్డారు. తీరా చూస్తే అచ్చం పాడి ముర్రాలా ఉందే అని చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. రూపం మాట అటుంచుదాం. క్లోనింగ్‌కు వాడిన అండం పెంపుడు బర్రెది. తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా జన్యువులు ఊరివే అయ్యాయి. పోనీ ఆశే మళ్లీ పుట్టిందనుకున్నా, అది ఉన్నదానికి నకలు. మందకు కొత్త రక్తం ఎక్కడిది?

మనం అడవిదున్న అని పిలిచే గౌర్ వేరు, ఇది వేరు. మన కొట్టంలోని బర్రెకు అసలు పూర్వీకురాలు ఈ అడవిబర్రె. ప్రపంచం మొత్తం మీద నాలుగు వేలకు మించవని అంచనా. వాటిలోనూ అత్యధికం అస్సాంలోనే. రాయపూర్ మొదలుకొని దాదాపు గోదావరి దాకా ఇది తిరిగేదని 19వ శతాబ్దంలో ప్రకృతి శాస్త్రవేత్త జెర్డన్ రాశాడు. అంటే మన వాకిట్లో జంతువే. ఎండకు తాళలేని ఒళ్లు దానిది. మడుగు, బురద, ఏటిగడ్డి లేకపోతే బతకదు. పశువుల నుంచి గాలికుంటు సోకినా, ఊరి మందతో కలిసి సంకరమైనా దాని కథ ముగిసినట్టే. నీళ్లలో ఉన్న బర్రెను బేరమాడొద్దంటారు పెద్దలు. ఇక్కడ ప్రభుత్వం నీళ్ల సంగతే మరిచి బేరానికి దిగింది.

క్లోన్ తర్వాత అస్సాం వంతు వచ్చింది. మానస్ నుంచి 2020లో రెండింటిని, 2023లో నాలుగు ఆడవాటిని ఛత్తీస్‌గఢ్‌లోని బార్నవాపారా అభయారణ్యానికి లారీల్లో తరలించి కంచెలో పెట్టారు. ఊరి పశువులతో సంకరం కాకుండా చూడాలని, మధ్య భారత అడవిబర్రె జన్యుశుద్ధిని కాపాడాలని సుప్రీంకోర్టు 2012లోనే ఛత్తీస్‌గఢ్‌ను ఆదేశించింది. ఆ పని అడవిలో చేయాల్సింది. కంచెలో కాదు.

పడమటి ఆఫ్రికాలో ఐవరీ కోస్ట్ వాళ్లను చూడండి. అంతరించిపోయే అంచున ఉన్న రోలోవే కోతికి తనోయే చిత్తడి అడవి చివరి ఆసరాల్లో ఒకటి. పామాయిల్ తోటల కోసం దాన్ని ఎండగట్టాలని ఒక కంపెనీ చూసింది. శాస్త్రవేత్త ఇంజా కోనే బృందంతో కలిసి చుట్టుపక్కల ఊళ్ల జనం ఎదురు నిలిచారు. 2009లో కంపెనీ వెనక్కి తగ్గింది. 2021లో ఆ అడవికి చట్టబద్ధ రక్షణ దక్కింది. కోతిని పట్టి బోనులో పెంచుదామని అక్కడ ఎవరూ బయల్దేరలేదు. చిత్తడి నిలిస్తే కోతి నిలుస్తుందని వాళ్లకు తెలుసు.

మనకూ ఒక తనోయే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో ఇంద్రావతి తీరం, దానికి ఆవల మహారాష్ట్ర గడ్చిరోలిలోని కొలామార్కా అడవి. మధ్య భారత అసలు రక్తం ప్రధానంగా మిగిలింది ఆ పట్టీలోనే. మావోయిస్టు పోరు వల్ల దశాబ్దాలుగా అటవీ సిబ్బంది అక్కడ కాలు పెట్టలేకపోయారు. ఇప్పుడు దారులు తెరుచుకుంటున్నాయి. అధికారుల కంటే ముందు గుత్తేదారులు చేరుకుంటే మిగిలేదేమీ ఉండదు. పైగా 1979లో శంకుస్థాపన జరిగి ఆగిపోయిన బోధ్‌ఘాట్ ప్రాజెక్టును ఎగువన మళ్లీ కదుపుతున్నారు. నదికి అడ్డుకట్ట పడితే దిగువ మడుగులకు వేసవిలో నీళ్లెవరు పోస్తారు? ఆ లెక్క తేలేదాకా ప్రాజెక్టు ముందుకు వెళ్లకూడదు.

క్లోన్ల ఖర్చు చాలించి, ఆ డబ్బుతో ఇంద్రావతి ఒడ్డు పల్లెల్లో ప్రతి పశువుకూ గాలికుంటు టీకా వేయించాలి. మేత విడిగా చూపించి ఊరి మందను అడవి మందకు దూరంగా ఉంచాలి. కాపలా కొలువులు ఆ పల్లెల గోండు యువకులకే ఇవ్వాలి. ఇంద్రావతి గోదావరిలో కలిసేది భూపాలపల్లి అంచున. కాబట్టి తెలంగాణ కూడా చేతులు కట్టుకుని కూర్చోకూడదు. ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్రలతో కలిసి వచ్చే వేసవిలోపే ఉమ్మడి కార్యాచరణకు పూనుకోవాలి.