సన్న తీగకు దిక్కెవరు?

మాది తుమ్మలపల్లె అని చెప్పగానే ఎవరైనా అడిగేది యురేనియం గురించే. "మీ ఊళ్ళో నీళ్ళు తాగొచ్చా?" అని బెంగుళూరులో మా టీమువాళ్ళు కూడా అడుగుతుంటారు. అడగాల్సిందే, కాదనను. కానీ పోయినసారి ఊరికి వెళ్ళినప్పుడు నాకు భయం వేసింది గనిని చూసి కాదు, మా చిన్నాయన అరటితోటలో ఒక సన్న తీగ చేసిన పని చూసి.

సంగతేంటంటే, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లావు తీగలు బోరు దగ్గరి మెయిన్ స్విచ్చులోకి వస్తాయి, అక్కడినుంచి స్టార్టరుకు పోతాయి. ఇంతవరకూ బాగానే ఉంది. మెయిన్‌కు ముందే ఆ లావు తీగలను కాస్త చెక్కి, రెండు సన్న తీగలు చుట్టి, 100 మీటర్ల అవతల ఉన్న గొడ్ల కొట్టానికి లాగారు. రెండు బల్బులు, ఒక ఫ్యాను. ఒకరోజు రాత్రి ఎలుక కొరికిందో ఏమో, కొట్టం దగ్గర ఆ రెండు తీగలూ కలిశాయి. చిన్నాయన పరుగెత్తి మెయిన్ దించేశాడు. తీగ మాత్రం కాలుతూనే ఉంది! ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎవరో స్విచ్చు దించేదాకా ఆగలేదు. గొడ్లను విప్పేశారు కాబట్టి సరిపోయింది, కొట్టం కప్పు సగం పోయింది.

"మెయిన్ తర్వాత తీసుకోకూడదా చిన్నాయనా?" అన్నాను.

"మోటరు మెయిన్ దించినా కొట్టంలో లైటు ఉండాల గదరా అబ్బీ. పామూ పురుగూ తిరిగే చోటు."

న్యాయమైన మాటే. అమెరికా ఎలక్ట్రికల్ కోడు కూడా మంటలార్పే పంపుకు మెయిన్ కంటే ముందునుంచే కరెంటు తీసుకోనిస్తుంది. మంట అంటుకుంటే ఎవరైనా ముందు దించేది మెయిన్‌నే కదా! కాకపోతే ఆ పంపుకు సొంత స్విచ్చు, సొంత రక్షణ ఉండాలంటుంది. మావాళ్ళు మర్చిపోయింది ఆ రెండో ముక్క.

మనలో చాలామంది ఫ్యూజు ఉండేది మోటరును కాపాడ్డానికి అనుకుంటాం. అసలు పని తీగను కాపాడ్డం. లెక్క చూడండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఏ 15 ఆంపియర్లో మోస్తుంది. దాని రెసిస్టెన్స్ కిలోమీటరుకు సుమారు 12 ఓములు. పోను 100, రాను 100 మీటర్లు, అంటే 2.4 ఓములు. 230 వోల్టుల మీద షార్ట్ అయితే వచ్చేది దాదాపు 96 ఆంపియర్లు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి తీగలో మామూలు కంటే 40 రెట్ల వేడి. పైన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉన్నది లావు తీగల కోసం వేసిన 60 ఆంపియర్ల ఫ్యూజనుకుందాం. దాని దృష్టిలో 96 అంటే ఏదో మోటరు స్టార్టయినట్టు. అది తీరిగ్గా ఆలోచించేలోపు సన్న తీగ బూడిదవుతుంది.

అందుకే అమెరికా కోడులో లావు తీగనుంచి సన్న తీగ చీల్చడానికి ట్యాప్ రూల్స్ అని ఉన్నాయి. చీలిక దగ్గర ఫ్యూజు పెట్టకపోతే తీగ 10 అడుగులు దాటకూడదు, పై ఫ్యూజులో పదో వంతైనా మోయాలి. 25 అడుగుల దాకా పోవాలంటే మూడో వంతు మోయాలి, ఆ చివర బ్రేకరో ఫ్యూజో ఉండాలి. మిగతా షరతులు చాలా ఉన్నాయి కానీ సారం ఇదే. మా కొట్టం తీగ 328 అడుగులు :)

మనకు ఇలాంటి రూల్స్ లేవనుకోకండి. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 31వ రూలు ఉంది. ఒకే సర్వీసు తీగనుంచి ఒకరికంటే ఎక్కువమందికి కరెంటిస్తే, చీలిక దగ్గరే ఒక్కొక్కరికీ వేరే కటౌటు ఉండాలంది. ఆ కటౌటు మంటకు కాలని పెట్టెలో ఉండాలని కూడా చెప్పింది. చీలిన చోటే కాపలా ఉండాలన్న ఆలోచన మన దగ్గరా పాతదే.

మరి ఎందుకు పెట్టరు? నా అభిప్రాయం ఇది. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి సంతకం పెట్టినప్పటినుంచి రైతుకు కరెంటు ఉచితం. మంచి పనే. కానీ 2003 విద్యుత్ చట్టం ప్రకారం మోటరుకిచ్చిన కరెంటును వేరే పనికి వాడితే అనధికార వినియోగం. రెండు బల్బులు పెట్టుకున్నవాణ్ణి కూడా దొంగలా చూస్తే అతను తీగను దాస్తాడు. దాచిన తీగకు ఎవడూ ఫ్యూజు పెట్టడు. జరిమానా భయంతో బల్బు ఆగదు, పెట్టె మాత్రం ఆగిపోతుంది. కొట్టానికి నాలుగు రోజుల్లో చిన్న కనెక్షన్ ఇచ్చే పద్ధతి ఉంటే ఈ దాపరికమే ఉండదు. చీలిక దగ్గర 6 ఆంపియర్ల ఎం.సి.బి. ఒకటి ఉండుంటే ఆ 96 ఆంపియర్లకు రెప్పపాటులో పడిపోయేది. దాని ఖరీదు కొన్ని వందల రూపాయలు. కొట్టం కప్పుకు మావాళ్ళు పెట్టిన ఖర్చు వేలల్లో.

ఆ తీగ పీకించాను. కొట్టానికి వేరే కనెక్షన్‌కు అర్జీ పెట్టించాను, అది వచ్చేదాకా సోలార్ లైటు. చిన్నాయన ఇంకా గొణుగుతూనే ఉన్నాడనుకోండి.

ఈసారి మీరు ఊరికి పోయినప్పుడు ఒక పని చేయండి. మెయిన్ దించి చుట్టూ చూడండి. ఎక్కడైనా ఏదైనా ఇంకా వెలుగుతుంటే, ఆ తీగ ఎక్కడ మొదలైందో వెతకండి. చేత్తో ముట్టుకోకుండా!