ధ్వనిపెట్టెలో సంధికార్యము

గత సంవత్సరము మన సభామందిరమునకు ధ్వనిపెట్టె కావలసివచ్చినప్పుడు, కొనుటకంటె చేయుటయే మేలని వాదించినది మేమే. పదవతరగతి బాలురు నలుగురు మాతో పూనుకొనిరి. పాన్‌గల్ వడ్రంగి ప్లైవుడ్డుతో పెట్టె కట్టి యిచ్చెను. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకి పోయి పండ్రెండంగుళముల ఊఫరును, చిన్న ట్వీటరును, ఆ రెంటిని కలుపు క్రాసోవరును కొని తెచ్చితిమి. ఊఫరు ఎంత పెద్దదైన పెట్టె యంత గొప్పదని బాలుర నమ్మకము. నిజము చెప్పవలెనన్న మా నమ్మకమును నదియే.

వార్షికోత్సవమునాడు ముందువరుస నడుమ గూర్చున్న పెద్దలందఱును ఆ పెట్టెను మెచ్చుకొనిరి. తరువాతి వారము అదే మందిరమున ఆఱు, ఏడు తరగతులకు గలిపి ఉక్తలేఖనము జరిగెను. "పాలు విరిగెను" అని మేము చదివితిమి. కిటికీల ప్రక్కనున్న బల్లలమీది పిల్లలలో తొమ్మండుగురు "కాలు విరిగెను" అని వ్రాసిరి. అజాగ్రత్త యని మందలించి గుర్తులు తగ్గించితిమి. మఱునాడు వారిలో నొక బాలిక వచ్చి, తనకు 'కాలు' అనియే వినబడినదని చెప్పి కన్నీరు పెట్టుకొనెను. ఒకరిద్దఱు పొరబడుట సహజము. తొమ్మండుగురు, అందును ప్రక్కబల్లలవారే, ఒకే తప్పు వ్రాయుటకు హేతువేమి?

మాటలో అచ్చుల బలము క్రింది స్వరములయందును, హల్లుల గుఱుతు పై స్వరములయందును అధికముగా నుండును. పకార కకారములను వేఱుపఱచు చిహ్నములు ముఖ్యముగా సెకనుకు 1000 మొదలు 3000 కంపనముల నడుమ నుండును. శకార సకారముల బుస యింకను పైకి బోవును. ఒకే స్పీకరు ఈ విస్తృతి నంతటిని సమముగా పలుకుట కష్టము గనుక, క్రింది స్వరములు ఊఫరునకు, పై స్వరములు ట్వీటరునకు పంచుదురు. ఒకటి యెచ్చట తగ్గవలెనో, రెండవది యెచ్చట నందుకొనవలెనో నిర్ణయించునది క్రాసోవరు. వ్యాకరణము చదివిన పిల్లలు దీనిని సంధి యని తలచిన చాలును. రాముడు, అతడు అను పదములు కలిసి రాముడతడు అగునప్పుడు, మొదటి పదము చివర ఉకారము తొలగుటయు, రెండవ పదపు అకారము ఆ చోటికి వచ్చుటయు నొక్కమాఱే జరుగవలెను. ఉకారము ముందే తొలగిపోయి, అకారము ఇంకను రాకున్న నేమగును? మా పెట్టెలో నయినది అదియే.

మేము తెచ్చిన క్రాసోవరుమీద 8 ఓములు, 3000 హెర్ట్జులు అని వ్రాసియుండెను. లోపల నొక తీగచుట్టయు నొక కెపాసిటరును మాత్రమే కలవు. తీగచుట్ట పై స్వరములను ఊఫరునకు పోకుండ ఆపును. కెపాసిటరు క్రింది స్వరములను ట్వీటరునకు పోకుండ ఆపును. అయితే ఆ హద్దు వానిలోనే యిమిడి యుండదు. వెనుక తగిలించిన స్పీకరు నిరోధమును బట్టి యది మాఱును. మన బాలుడొకడు మల్టీమీటరు పెట్టి చూడగా ట్వీటరు 6.5 ఓములను, ఊఫరు 3.4 ఓములను చూపెను. మీటరు చూపు అంకె స్పీకరుమీది అంకెకంటె కొంత తక్కువగా నుండును గనుక మొదటిది 8 ఓములది, రెండవది 4 ఓములది. కొనునప్పుడు ఊఫరు వెనుకనున్న చీటీని మాలో నొక్కరును చదువలేదు! నిరోధము సగమైనందున ఊఫరు హద్దు 3000 నుండి 1500కు దిగిపోయెను. ట్వీటరు మాత్రము 3000 దగ్గఱనే నిలిచియుండెను. పకార కకారములు ఆ నడిమి పల్లములో పడినవి.

పండ్రెండంగుళముల గొప్పతనము దీనికి తోడయ్యెను. శబ్దతరంగపు పొడవు స్పీకరు వెడల్పుకంటె తగ్గినకొలది ఆ శబ్దము ప్రక్కలకు వ్యాపింపక యెదుటికే పోవును. అంత పెద్ద ఊఫరునకు ఈ కట్టడి సుమారు 1400 హెర్ట్జులకే మొదలగును. కావుననే యెదుట నడుమ గూర్చున్న పెద్దలకు చక్కగా వినబడినది ప్రక్కబల్లల పిల్లలకు వినబడలేదు. ఫోనులో నొకే స్వరమును మెల్లగా పైకి నడిపించుచు మేమే కిటికీ ప్రక్క గూర్చుండి వింటిమి. నడుమ స్వరము క్రుంగి మరల లేచుట స్పష్టముగా తెలిసెను. గుర్తులు తగ్గించుటకు ముందు చేయవలసిన పనిని తరువాత చేసితిమి.

ఇట్టి చిక్కులు పల్లెటూరి పాఠశాలకే పరిమితములు కావు. 1930ల మధ్యభాగమున అమెరికాలోని మెట్రో గోల్డ్‌విన్ మేయర్ చిత్రశాలవారు రెండు భాగముల ధ్వనియంత్రమును సిద్ధపఱచుచుండగా, నర్తకి పాదముల చప్పుడు ఒకటికి రెండుగా వినబడినదట. క్రింది స్వరముల బూర పొడవు, పై స్వరముల బూర పొట్టి. ఒకే చప్పుడు రెండు త్రోవలను నడచి వేర్వేఱు క్షణములకు చేరినది. ఆ త్రోవల భేదము తగ్గించిన పిమ్మటనే యంత్రము కుదిరెను. 1936 సంవత్సరపు చిత్రములకు గాను అకాడమీ వారి బహుమానముకూడ దానికి వచ్చెను.

మేము చేసిన మరమ్మతు చిన్నదే. పెద్ద ఊఫరును తీసివేసి ఆఱున్నర అంగుళముల 8 ఓముల ఊఫరును బిగించితిమి. క్రాసోవరును మేమే కట్టితిమి. లింక్‌విట్జ్, రైలీ అను ఇంజనీర్ల పేర ప్రసిద్ధమైన పద్ధతిలో, 8 ఓముల స్పీకర్లకు 2500 హెర్ట్జుల దగ్గఱ సంధి కావలెనన్న, ఇరుప్రక్కలను 1 మిల్లీహెన్రీ చుట్ట యొకటియు 4 మైక్రోఫారడ్ల కెపాసిటరొకటియు సుమారుగా సరిపోవును. ఎనామిలు రాగితీగతో చుట్టలు బాలురే చుట్టిరి. 4 మైక్రోఫారడ్ల కెపాసిటరు మన యింటి ఫ్యానులలో నుండునదే, వనపర్తి విద్యుత్సామానుల అంగడిలో దొరికెను. ఈ పద్ధతిలో ట్వీటరు తీగలు రెంటిని తాఱుమాఱుగా తగిలింపవలెను. లేనియెడల సంధిస్థానమున రెండు శబ్దములు నొకదాని నొకటి మ్రింగివేయును. మొదటి దినము మేము మఱచి, మ్రింగివేయుట విని, మార్చితిమి.

బలములోను పొత్తు కుదుర్చవలసివచ్చెను. ఊఫరు పత్రముపై 88 డెసిబెళ్లనియు, ట్వీటరు పత్రముపై 94 అనియు నుండెను. ఆఱు డెసిబెళ్ల భేదమనగా ధ్వనిశక్తి నాలుగింతలు. ట్వీటరునకు వరుసలో 4 ఓముల నిరోధకమును, సమాంతరముగా 8 ఓముల నిరోధకమును చేర్చగా ఆ భేదము తీఱెను. క్రాసోవరునకు కనబడు నిరోధమును 8 ఓములుగానే నిలిచెను.

కొందఱు తల్లిదండ్రులు, సిద్ధముగా దొరకు పెట్టెను కొనియున్న ఈ ప్రయాస తప్పెడిది గదా యనిరి. తప్పెడిదే. కాని ఆ చీటీని చదువు అలవాటు మన బాలురకు గాని మాకు గాని వచ్చియుండెడిది కాదు. మఱికొందఱు, ఇప్పుడు ఈ విభజన నంతటిని అంకెలతో చేయు యంత్రములు వచ్చినవి గదా యందురు. ఆ యంత్రమైనను ఎచ్చట విభజింపవలెనో మనలనే యడుగును. బాలురు మాత్రము మూడవ స్పీకరు నొకదానిని నడుమ చేర్చిన పెట్టె యింకను ఘనముగా నుండునని పట్టుపట్టుచున్నారు. మా యభిప్రాయమున మాటలు వినుటకు పాఠశాలకు రెండు చాలును. మూడవది వచ్చిన సంధులు రెండగును. ఒక సంధిని కుదుర్చుకొనుటకే మాకొక సంవత్సరము పట్టినది. కొత్త పెట్టెలో డప్పు మ్రోత తగ్గినమాట నిజము, ఒప్పుకొందుము.

జనవరిలో అదే ఉక్తలేఖనమును, అవే బల్లలమీద, ఆ పిల్లలకే మరల చదివితిమి. తొమ్మండుగురును 'పాలు' అని వ్రాసిరి. పాత గుర్తులను పట్టికలో సరిదిద్ది, ఆ బాలికకు చూపించితిమి. పండ్రెండంగుళముల ఊఫరు విజ్ఞానశాస్త్రపు గదిలో బీరువా మీద నున్నది. మూడవ స్పీకరు కావలెనని మొన్న మరల వచ్చిన బాలుని చేతికి మీటరు నిచ్చి, దాని వెనుక చీటీనే మొదట చదువుమని పంపితిమి.