ఆపరేషన్ అయింది సరే, లేపి నడిపించేదెవరు?

పాలమూరు నుంచి బతుకుదెరువుకు పోయిన కూలీ సెంట్రింగ్ మీది నుంచి జారిపడి తొడ ఎముక విరిగిందనుకుందాం. దవాఖానకు తెస్తరు. సర్జన్ కోసి, రాడ్ వేసి, కుట్లు వేస్తడు. ఆపరేషన్ సక్సెస్ అంటరు. ఇంటోళ్లు డాక్టర్‌కు దండం పెడ్తరు. కానీ మనిషి బాగుపడే అసలు పని అప్పుడే మొదలైతది. ఆ పని చేసే చేతులను మన ప్రభుత్వాలు ఎన్నడూ సరిగ లెక్క పెట్టలేదు.

ఆ చేతులు ఎవరివి? కత్తి పట్టకముందే ఎక్స్‌రే తీసిన టెక్నీషియన్‌ది ఒకటి. రక్తం గ్రూపు కలుస్తదో లేదో చూసిన ల్యాబ్ టెక్నీషియన్‌ది ఒకటి. మరునాడు మంచం మీద లేపి కూసోబెట్టేది ఫిజియోథెరపిస్టు. ఊపిరితిత్తుల్ల తెమడ చేరకుండ దీర్ఘంగ శ్వాస తీయిస్తడు. కాళ్లల్ల రక్తం గడ్డకట్టకుండ మడిమలు ఆడిస్తడు. పుండ్లు పడకుండ పక్క మార్చేది నర్సమ్మ. ఎముక అతకడానికి ఎంత పప్పు, ఎన్ని గుడ్లు తినాల్నో డైటీషియన్ చెప్తది. నొప్పి గోలీకి, బీపీ గోలీకి పడ్తదో పడదో ఫార్మసిస్టు చూస్తడు. ఈ గొలుసుల ఒక్క కొక్కెం తెగినా, మంచిగ చేసిన ఆపరేషన్ గూడ వృథా అయితది. మోకాలు బిగుసుకపోతది, కండ కరిగిపోతది. కష్టం చేసి ఇల్లు నడిపినోడు మంచానికి అతుక్కుపోతడు.

పక్షవాతం వచ్చినోళ్ల సంగతి చూడండి. నోట్లె గంజి పోసేముందు మింగగలుగుతున్నడా లేదా అని పరీక్ష చెయ్యాలె. చెయ్యకుంటే గంజి ఊపిరితిత్తుల్లకు పోయి నిమోనియా రావొచ్చు. ఆ పరీక్ష చేసే పనితనం స్పీచ్ థెరపిస్టుది. కిడ్నీలు చెడినోళ్లకు సాధారణంగ వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్. డాక్టర్ చూసి పోతడు. ఆ నాలుగు గంటలు సూది, మిషన్, బీపీ కనిపెట్టుకొని పక్కన ఉండేది టెక్నీషియన్.

ఇగ నల్లగొండ. ఈ జిల్లా ఫ్లోరోసిస్ మీద నిజాం కాలంలోనే, 1945లో, ఇండియన్ మెడికల్ గెజిట్‌ల వ్యాసం వచ్చింది. పటిక, సున్నంతో నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మన జిల్లా పేరే పెట్టిండ్రు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే ఇక్కడ మోకాళ్లు లోపలికి వంగిన పిల్లల గురించి రాసిండ్రు. పుస్తకాలకు పేరిచ్చినం, గోస మాత్రం మనమే పడ్డం. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దన్న ఫ్లోరైడ్ నీళ్లను మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు పల్లెలు తరాలుగ తాగినయ్.

రాష్ట్రం వచ్చినంక 2015లో చౌటుప్పల్‌ల మిషన్ భగీరథ పైలాన్ లేచింది. కృష్ణా నీళ్లు ఊర్లకొచ్చినయ్. ఫ్లోరైడ్ ఆవాసాలు ఇగ లేవని 2020లో కేంద్రమే పార్లమెంటుల చెప్పింది. సంతోషం. అయితే మంచినీళ్లు పుట్టబోయే బిడ్డను కాపాడుతయ్ గని, ఇప్పటికే వంగిన ఎముకను సరి చెయ్యవు. అట్ల సరిచేసే మందు కూడ లేదు. వాళ్లకు మిగిలింది ఫిజియోథెరపీ, ఊతపట్టీలు, మంచి తిండి, కొందరికి శస్త్రచికిత్స. కేంద్రం 2008-09లో మొదలుపెట్టిన ఫ్లోరోసిస్ కార్యక్రమంల పునరావాసం కూడ ఒక భాగమే. కాగితం మీదున్న ఆ మాట పల్లెల్ల పనిగ మారాలె.

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండ, సూర్యాపేటకు 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌కు 2022లో మెడికల్ కాలేజీలు వచ్చినయ్. బీబీనగర్‌ల ఎయిమ్స్ ఉన్నది. ప్రతిదానికీ ఉస్మానియాకు, నిమ్స్‌కు ఉరికిన జనానికి ఇది చిన్న సంగతి కాదు. అయినా ప్రారంభోత్సవాలప్పుడు లెక్క చెప్పేది సీట్లు, మంచాలు, ప్రొఫెసర్లు. మిగిలినోళ్లను ‘పారామెడికల్’ అని ఒక్క మూటల కట్టి పక్కకు పెడ్తరు. ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు 2024లో నోటిఫికేషన్ వచ్చింది. మరి మిగతా కొలువుల మాటేమిటి? ఫిజియోథెరపీ, డయాలసిస్, రేడియాలజీ కోర్సులు చదివిన మన పిల్లలు ఎన్నేండ్లు ఔట్‌సోర్సింగ్ జీతాల మీద బతకాలె?

2007 ఏప్రిల్‌ల ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలల్ల మహబూబ్‌నగర్ ఒకటి. ఆ పథకం లెక్కలేనంత మంది పేదల ప్రాణాలు నిలిపింది, కాదనం. కానీ అది ప్రధానంగ ఆపరేషన్ల చుట్టూ అల్లిన పథకం. ప్రాణం నిలిచినంక మనిషిని నిలబెట్టే వంతు ఎవరిది?

“డాక్టర్లకే దిక్కులేదు, వీళ్లెందుకు” అనేటోళ్లున్నరు. డాక్టర్లు తక్కువున్నరు గన్కనే వీళ్లు కావాలె. రోగి తొందరగ నడిస్తే మంచం తొందరగ ఖాళీ అయితది, సర్జన్ కష్టానికి ఫలితం దక్కుతది. అన్ని చోట్లా ఒక్కరోజుల పెట్టమంటలేం. జిల్లా దవాఖానలతోని మొదలువెట్టి, ఏరియా దవాఖానలకు రండి.

మేం అడిగేది మూడు ముక్కలు. ఏ దవాఖానల ఏ కొలువులున్నయ్, ఎన్ని ఖాళీగున్నయ్ జిల్లాలవారీగ ప్రకటించాలె. వాటిని రెగ్యులర్‌గ నింపాలె. మునుగోడు ఫ్లోరైడ్ పల్లెలకు, వలస కూలీలున్న పాలమూరు తండాలకు ఫిజియోథెరపిస్టులు వారానికొకసారన్న పోవాలె. ఈ వృత్తులకు 2021లో కేంద్రం చట్టం చేసింది, రాష్ట్ర కౌన్సిళ్లు పెట్టాలన్నది. ఆ కౌన్సిల్ బోర్డు మీద కాదు, పనిల కనబడాలె.

విద్యార్థులారా, ఉద్యోగులారా, మీ ఊరి దవాఖానకు పోయి ఒక్క ప్రశ్న అడగండి: కాలు విరిగినోన్ని ఇక్కడ లేపి నడిపించేదెవరు? జవాబు రాకుంటే మన పని ఇంక మిగిలే ఉన్నట్టు.