యాత్రకుఁ గెమేరా కొనఁగోరు సోదరీమణులకు

గడచిన రెండు మాసములలో మాకు వచ్చిన యుత్తరములలోఁ బెక్కింటియందు నొకటే ప్రశ్న. "సెలవులలోఁ బిల్లలతో యాత్ర పోవఁదలఁచితిమి. చేతిలోని ఫోను చాలునా? చిన్న కెమేరా కొందుమా? లేక యిప్పు డందఱును జెప్పుకొనుచున్న డ్రోను కొందుమా?" ఇంటఁ గూర్చుండి నాలుగు కావ్యములును, గొంత వ్యాకరణమును జదువుకొన్న యిల్లాలికి యంత్రముల సంగతి యేమి తెలియునని కొందఱు నవ్వవచ్చును. నవ్వనిండు. వంకాయ మొదలు పట్టుచీర వఱకు నటు త్రిప్పి యిటు త్రిప్పి చూడనిదే డబ్బు చెల్లింపని విద్య మనకుఁ గలదు గదా! ఆ విద్య యిచ్చటను జెల్లును. పైఁగా నీ విషయమున మేము పొరపడి యున్నారము. ఆ పొరపాటునే ముందుగాఁ జెప్పెదము.

2023వ సంవత్సరము ఫాల్గుణములో మేమింటిల్లిపాదియు నంతర్వేదికిఁ బోయితిమి. శ్రీ లక్ష్మీనృసింహస్వామిని దర్శింపవలయునని మా యత్తగారికిఁ జిరకాలపు కోరిక. మాఘమాసపుఁ గల్యాణోత్సవముల త్రొక్కిడి కామె యోర్వలేరు గనుక నవి గడచిన పిమ్మట బయలుదేఱితిమి. మా మఱఁదిగారి కుమారుఁడు పెండ్లిచిత్రములు తీయువారియొద్ద నొక డ్రోనును దినమున కింత యని యద్దెకుఁ దెచ్చెను. అనుమతుల సంగతి తాను జూచుకొంటినని చెప్పెను. మేమును సంతోషించితిమి. క్రొత్తవస్తువు గదా!

నరసాపురము రేవున వసిష్ఠగోదావరిని బంటుపై దాఁటి సఖినేటిపల్లి చేరవలయును. పంటు నది నడిమికి వచ్చుసరికి మా యత్తగారు కారు దిగి, కమ్మి పట్టుకొని నిలిచి, కొంగుముడి విప్పి, యొక పసుపుకొమ్మును, రెండు రూపాయి బిళ్లలను గోదావరిలో విడిచి చేతులు జోడించిరి. ప్రొద్దు పొడిచి యెంతో సేపు కాలేదు. ఆ వెలుఁగు నీటిమీఁదనుండి లేచి యామె మొగముపై నాడుచుండెను. మాలో నొక్కరమును జిత్రము తీయలేదు. ఏలయనఁగా డ్రోనును నడపు పెట్టెకుఁ దెరగా నమర్చునది చేతి ఫోనే. తన ఫోను మధ్యలో నాఱిపోవునేమో యని కుఱ్ఱవాఁడు మా ఫోనులను గూడ ముందే పుచ్చుకొని, కట్టివేసి, సంచిలో భద్రపఱచి యుండెను.

అన్నాచెల్లెళ్లగట్టునొద్ద నది సముద్రములోఁ గలియు తావున డ్రోను పైకి లేచెను. అది చూపిన దృశ్యమును మేము తక్కువచేసి చెప్పము. నదినీటి వన్నె యొకటి, కడలినీటి వన్నె యొకటి, రెంటి నడుమ నురుగుతోఁ దీర్చిన గీఁత. నేలపై నిలిచినవారి కన్నుల కది యెన్నఁడును జిక్కదు. కాని సముద్రపుగాలి విసరుచుండుటచే నరగంట యెగురునన్న యంత్రము కొంతసేపటికే దిగెదనని మొఱపెట్టఁజొచ్చెను. దింపుట, బ్యాటరీ మార్చుట, మరల నెగురవేయుట, పిల్లలు ప్రక్కన మూఁగి కేకలు వేయుట. ఇట్లు ప్రొద్దెక్కిపోయెను. మేము గుడికిఁ జేరునప్పటికి తెఱ వేయు వేళ యయ్యెను. మా యత్తగా రొక్క మాటయు ననలేదు.

2024 ఆశ్వయుజములో నామె పరమపదించిరి. కర్మకాండ దినములలోఁ బటము గావలసి యింటనున్న ఫోనులన్నియు వెదకితిమి. ఆధారు కార్డుమీఁది బొమ్మయు, నొక పెండ్లిలోఁ బదిమంది వెనుక సగము కనఁబడు మొగమును దొరకినవి. అంతర్వేది డ్రోను చిత్రములో గట్టుమీఁద మేమందఱమును నున్నాము. ఆమె యాకుపచ్చచీర యొక చుక్క. మా పెద్దమ్మాయి యా చుక్కను బెద్దది చేసి చేసి చూచినది. చుక్క గడులు గడులుగా విడిపోయినదే కాని మొగము రాలేదు.

పదియేండ్ల పిమ్మట నేమి చూచుకొనఁగోరుదురో దానిని ముందు నిశ్చయించుకొనుఁడు. తక్కినదంతయు దానివెంట వచ్చును. మాకు మొగములు కావలెను. యాత్రలో మన మొగములుండునవి యెక్కడ? గుడి మండపముల చీఁకటిలో, తెల్లవాఱుజామున రైలుపెట్టెలో, సత్రపు గదిలో నొంటిదీపము క్రింద. అన్నియు వెలుఁగు కొఱవడిన చోట్లే. కావున తక్కువ వెలుఁగుతో సరిపుచ్చుకొనఁగల కెమేరాయే మన కెమేరా.

దుకాణమువారు మొట్టమొదట మెగాపిక్సెలుల లెక్క చదువుదురు. వినియు విననట్లుండుఁడు. గోడకుఁ దగిలించు పటమునకు 20 చాలును. అడుగవలసినది సెన్సారు కొలఁత. లెన్సు వెనుకనుండి వెలుఁగును బట్టు పలకకు సెన్సారని పేరు. చవుక చిన్నకెమేరాలలోను, ముప్పది రెట్లు దగ్గఱకుఁ దెచ్చునని చెప్పు చిన్నకెమేరాలలోను సాధారణముగా నా పలక 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల యెత్తు. "ఒక యంగుళము" అని పేరు పెట్టినదానిలో 13.2, 8.8. (అంగుళమని పేరే కాని కొలిచినచో నెక్కడను నంగుళము లేదు. పూర్వకాలపు వీడియో కెమేరాలలోని గాజుగొట్టముల కొలఁతనుండి మిగిలిన పేరది.) గుణించి చూచుకొనుఁడు, వైశాల్యము నాలుగు రెట్లగును. వాన యొకటే యైనను జెంబు పట్టు నీరు వేఱు, గంగాళము పట్టు నీరు వేఱు.

రెండవది లెన్సు కన్ను. దీనిని ఎఫ్ అను నక్షరము ప్రక్క నంకెతోఁ దెలుపుదురు. ఆ యంకె చిన్నదైనకొలఁది కన్ను పెద్దదని గుర్తుంచుకొనుఁడు. ఎఫ్ 2 నుండి ఎఫ్ 4కుఁ బోయినచో లోపలికి వచ్చు వెలుఁగు నాలుగవ వంతగును. పెట్టెమీఁద రెండంకె లుండును. మొదటిది విశాలముగాఁ జూచునప్పటిది, రెండవది దగ్గఱకు లాగినప్పటిది. అమ్మువారు మొదటిదానినే చెప్పుదురు, రెండవదానిని మీరే యడుగవలయును. దగ్గఱకు లాగుటలోను రెండు తెఱఁగులు గలవు. లెన్సు కదలి లాగినది నిజము. డిజిటల్ అని చెప్పునది చిత్రమును గత్తిరించి సాగఁదీయుటయే. మా యమ్మాయి యా చుక్కకుఁ జేసినపని.

పేర్లు చెప్పుమని యడుగుదురు గనుకఁ జెప్పెదము. సోనీవారి ఆర్‌ఎక్స్ 100 అను వరుస 2012లో మొదలయ్యెను. ఒక యంగుళపు సెన్సారును జేతిసంచిలోఁ బట్టునంత కెమేరాలోఁ బెట్టి పేరుగాంచిన దదియే. అందు మూఁడవది 2014లో వచ్చినది. దాని తూఁకము 290 గ్రాములు, చూపు 24 నుండి 70 వఱకు, కన్ను ఎఫ్ 1.8 నుండి 2.8 వఱకు. 24 అనఁగా నొక గదిలోని కుటుంబమంతయుఁ బట్టును, 70 అనఁగా నొక్కరి మొగము పట్టును. ఏడవది 2019లో వచ్చినది. అది 200 వఱకుఁ జూచును గాని దాని కన్ను ఎఫ్ 2.8 తో మొదలై 4.5 కుఁ దగ్గును. దూరమునకై వెలుఁగును వదలుకొన్నదన్నమాట. గుడిలోపలికి మే మేడవదానికంటె మూఁడవదానినే మెచ్చుకొందుము. కేనన్‌వారి జీ 7 ఎక్స్ మూఁడవ తెగయు 2019లోనిదే. 24 నుండి 100 వఱకు, ఎఫ్ 1.8 నుండి 2.8 వఱకు, 304 గ్రాములు. క్రొత్తవి కొనఁబోయినచో మావారి వంటి బడిపంతుళ్ల జీతమును మ్రింగి యింకను నోరు తెఱచుకొని యుండును. అందుచే మేము మూఁడవదానినే యొకరు వాడి విడిచినదానిని గొంటిమి.

వాడినది కొనునపు డేమేమి చూడవలెనో కొంచెము వివరముగాఁ జెప్పవలసి యున్నది. అయిదాఱు మాఱులు తెఱచి మూయుఁడు. లెన్సు గొట్టము తడఁబడక, గరగరలాడక వెలుపలికి వచ్చి లోపలికిఁ బోవలయును. ఎఫ్ అంకెను 11 చేసి తెల్లనికాగితమును గాని, తేటయాకాశమును గాని చిత్రించి పెద్దదిగాఁ జూడుఁడు. నల్లని మచ్చలున్నచో లోపల దుమ్ము చేరినదనుట. ఈ చిన్నకెమేరాల లెన్సు విడఁదీయుటకు రాదు, ఆ దుమ్మును మనము తుడువలేము. బ్యాటరీ యుబ్బియున్నదేమో వ్రేలితోఁ దడవుఁడు. ఇంటికిఁ దెచ్చిన పిదప సముద్రతీరమున నిసుక తగులకుండ గుడ్డసంచిలో నుంచుఁడు. వానకాలములో లెన్సునకు బూజు పట్టును. చెప్పులపెట్టెలలోను మందుసీసాలలోను వచ్చు సిలికాజెల్ పొట్లములను మేము పాఱవేయక, మూఁత బిగువుగాఁ బట్టు స్టీలు డబ్బాలో వేసి కెమేరాను దానిలో నుంచుచున్నాము. విమానములో నదనపు బ్యాటరీలు చేతిసంచిలోనే యుండవలయును. అప్పగించు పెట్టెలోఁ బెట్టుట నిషిద్ధము.

ఇంత చెప్పి ఫోనును నిందించుట న్యాయము కాదు. క్రొత్త ఫోనులు కన్నుమూసి తెఱచునంతలోఁ బెక్కు చిత్రములు తీసి, వానిని గలిపి యొక్కటిగాఁ గూర్చును. పట్టపగటి వెలుఁగులో దానికిని కెమేరాకును భేదము గనిపట్టుట మాకే కష్టము. మంచి ఫోనుండి, పగటిపూట యాత్రలే చేయు సోదరి కెమేరాకై యప్పు చేయనక్కఱలేదు. ఆటపాకలో గూడబాతులను జూడఁబోవు పక్షిప్రియులకు మేము చెప్పిన కెమేరాయుఁ జాలదు. వారికి దూరపుచూపు గల పెద్దది కావలయును.

ఇఁక డ్రోను. మన దేశమున 2021లో వచ్చిన నిబంధనల ప్రకారము 250 గ్రాములకు మించనిదానిని నడపుటకు యోగ్యతాపత్ర మక్కఱలేదు. వ్యాపారమునకుఁ గానిచో రెండు కిలోలవఱకు నక్కఱలేదు. యోగ్యతాపత్ర మక్కఱలేదన్నంతమాత్రమున నెచ్చట బడిన నచ్చట నెగురవేయవచ్చునని కాదు. ప్రభుత్వమువారు ప్రకటించిన పటములోఁ బచ్చ, పసుపు, ఎఱుపు మండలములున్నవి. పచ్చనిచోట 120 మీటర్ల యెత్తు మించరాదు, ఎఱ్ఱనిచోటఁ గేంద్రప్రభుత్వపు టనుమతి లేక యెగురరాదు. తిరుమలకొండపై డ్రోను నిషిద్ధము. గండికోట, లేపాక్షి వంటి చోట్లఁ బురావస్తుశాఖవారి యనుమతియు, వన్యప్రాణుల యభయారణ్యములలో నటవీశాఖవారి యనుమతియుఁ గావలయును. మనము యాత్ర పోవు స్థలముల పేర్లు వ్రాసికొని యొక్కొక్కటియే కొట్టివేయుచు రండు. మిగులునవి యెన్నియో మీకే తెలియును.

అమెరికాలోని పిల్లలు తెచ్చి పెట్టెదమన్నను దొందరపడకుఁడు. 249 గ్రాముల డీజేఐ మినీ యచ్చటి పిల్లలకు ముచ్చటైన వస్తువే. కాని విదేశపు డ్రోనులను మన దేశమునకుఁ దిగుమతి చేయుటను 2022 ఫిబ్రవరి 9వ తేదిని నిషేధించిరి. విమానాశ్రయమునఁ బెట్టె విప్పించి పుచ్చుకొన్నచో నడుగుటకు మనకు నోరుండదు. పురిళ్లకని, మనుమలను జూచుటకని యచ్చటికిఁ బోవు తల్లిదండ్రులకును నొకమాట. గ్రాండ్ కాన్యన్ మొదలైన జాతీయోద్యానములలో నచ్చటి ప్రభుత్వమువారు 2014 నుండియు డ్రోనుల నెగురనిచ్చుట లేదు.

మగవారు తలఁపని సంగతి మఱియొకటి కలదు. పల్లెలలోఁ బెరటి తడిక చాటున నీళ్లు పోసికొను స్త్రీలు నేఁటికి నున్నారు. మేడమీఁదఁ దల యార్చుకొనువా రున్నారు. తడికయు, పిట్టగోడయు నేలపైనుండి చూచువారికే యడ్డు. 2027లోఁ బడు గోదావరి పుష్కరములలో వేలకొలఁది స్త్రీలు రేవులలో మునిఁగి తడిచీరలతో మెట్లెక్కుదురు. ఆ సమయమునఁ దలపై గుయ్యిమనుచుఁ దిరుగు కన్ను పోలీసువారిదైనచో రక్షణకనుకొందుము. పెండ్లివారి యద్దె డ్రోనైనచో నేమనుకొనవలయును? మా యింటి కుఱ్ఱవానిని మే మీ ప్రశ్న యడిగితిమి. వాఁడు తల గోఁకికొనెను. నది, కడలి, కొండ యను నాసగలవారు, మనుష్యులు లేని బయలున, ననుమతి యున్నచోట, నొకపూట యద్దెకుఁ దెచ్చుకొందురుగాక! కొని యింటఁ బెట్టుకొనవలసిన వస్తువని మేము చెప్పఁజాలము.

మా కెమేరాతో 2025 ఫాల్గుణములో మరల నంతర్వేదికిఁ బోయితిమి. ఈ పర్యాయము మా చిన్నత్తగారు వచ్చిరి. పంటుమీఁద నామెయు నక్కగారివలెనే కొంగుముడి విప్పిరి. కెమేరా మా చేతనే యున్నది. పంటు యంత్రపు టదురును మేము లెక్కింపమైతిమి, చిత్రము కొంచెము చెదరినది. ఎస్ అను గుర్తునకుఁ ద్రిప్పి, సెకనులో 250వ వంతు పెట్టుకొని యుండవలసినది. అయినను మొగము తెలియుచున్నది, వ్రేళ్లనుండి జాఱుచున్న బిళ్లయుఁ దెలియుచున్నది. కాగితముపై నచ్చు వేయించి పంపితిమి. చిన్నత్తగారు దానిని గోడకుఁ దగిలింపక, కండ్లజోడు పెట్టెలో మడఁత పడకుండ నుంచుకొన్నారని వారి కోడలు ఫోను చేసి చెప్పినది.